విరాళం డబ్బు జంతు ప్రయోగాలకు వెళ్తే దాత ఏం చేయగలడు?

ప్రశ్న: క్యాన్సర్ మీద పనిచేసే ఒక ధార్మిక ట్రస్టుకు మూడేళ్లుగా విరాళం ఇస్తున్నాను. ఇప్పటికి ఐదు లక్షలు దాటింది. వాళ్ల కరపత్రంలో ‘రోగుల సహాయం, పరిశోధన’ అని ఉంటే ఆసుపత్రి ఖర్చులకే అనుకున్నాను. వార్షిక నివేదిక చూస్తే ఒక ఫార్మసీ కాలేజీకి గ్రాంటు ఇచ్చి ఎలుకలు, కుందేళ్ల మీద మందులు పరీక్షించారని తెలిసింది. నా డబ్బు అందుకు వెళ్లడం నాకు సమ్మతం కాదు. ఇచ్చింది వెనక్కి అడగవచ్చా? ప్రయోగాలు ఆపించవచ్చా? అమెరికాలో ఉన్న మా అమ్మాయి కూడా పంపుతానంటోంది. ఇకముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ఇచ్చిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. ప్రయోగాలు ఆపించడం, అనుమతులు సరిగా ఉన్నంతవరకు, మీ చేతిలో లేదు. ఇకమీదట ఇచ్చే ప్రతి రూపాయి ఎటు వెళ్లాలో నిర్ణయించే హక్కు మాత్రం పూర్తిగా మీదే. అయితే ఆ హక్కు డబ్బు చేతులు మారకముందే కాగితం మీద ఉండాలి. మీ బాధ న్యాయమైనదే. అయినా చట్టం మీ మనసులోని ఉద్దేశాన్ని చూడదు, ఇచ్చేటప్పుడు రాసి ఇచ్చిన షరతును చూస్తుంది.

వెనక్కి అడగడం సంగతి ముందు చూద్దాం. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 122 ప్రకారం మీరు ఇచ్చి, వాళ్లు పుచ్చుకోవడంతో దానం పూర్తవుతుంది. రద్దుకు సెక్షన్ 126 రెండే దారులు చూపిస్తుంది. దాత ఇష్టాయిష్టాల మీద ఆధారపడని ఫలానా సంఘటన జరిగితే దానం రద్దవుతుందని ఇద్దరూ ముందే ఒప్పుకుని ఉండటం ఒకటి. మోసం, తప్పుడు సమాచారం, ఒత్తిడి లాంటి, ఒప్పందాన్ని రద్దు చేయదగ్గ కారణం ఉండటం రెండోది. ‘ప్రతి రూపాయీ రోగుల చికిత్సకే’ అని వాళ్లు రాతపూర్వకంగా చెప్పి ఉంటే రెండో దారిలో వాదించవచ్చు. కానీ మీ కరపత్రంలోనే ‘పరిశోధన’ అన్న మాట ఉంది. ఆ ఒక్క మాట మీ కేసును బాగా బలహీనపరుస్తుంది. అయినా ఆ కరపత్రం, రసీదులు, విరాళం అడుగుతూ వచ్చిన మెసేజీలు పారేయకండి. వాటిలో ఎక్కడైనా ‘చికిత్సకే’ అని ఉంటే పరిస్థితి మారుతుంది. నమ్మకద్రోహం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద, పోలీసు కేసు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. దానికి దురుద్దేశంతో సొమ్ము మళ్లించారని చూపాలి. నివేదికలో బాహాటంగా అచ్చు వేసిన గ్రాంటులో దురుద్దేశం చూపించడం తేలిక కాదు. వినియోగదారుల కమిషన్ దారీ లేదు. విరాళం సేవకు చెల్లించిన ప్రతిఫలం కాదు కాబట్టి దాత వినియోగదారుడు కాడు.

ఇక ప్రయోగాల సంగతి. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లో మామూలు క్రూరత్వ నేరాలన్నీ సెక్షన్ 11లో ఉన్నాయి. కానీ ప్రాణం కాపాడే, రోగాన్ని ఎదుర్కొనే జ్ఞానం కోసం చేసే ప్రయోగం చట్టవిరుద్ధం కాదని సెక్షన్ 14 స్పష్టంగా చెబుతోంది. అందుకే ‘ఎలుకలను హింసిస్తున్నారు’ అని సెక్షన్ 11 కింద ఇచ్చే ఫిర్యాదు నిలబడదు. నిలబడేది వేరే ప్రశ్న: ఈ ప్రయోగానికి అనుమతి ఉందా, అనుమతిలో రాసినట్టే చేశారా?

ఈ చట్టం కింద వచ్చిన 1998 నాటి నియమాల ప్రకారం జంతు ప్రయోగాలు చేసే సంస్థ, వాటిని పర్యవేక్షించే కేంద్ర కమిటీ దగ్గర నమోదు కావాలి. ఈ కమిటీని ఇదివరకు సీపీసీఎస్‌ఈఏ అనేవారు, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ అంటున్నారు. కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద పనిచేస్తుంది. సంస్థలో ఐఏఈసీ అనే నైతిక కమిటీ ఉండాలి. అందులో సంస్థ శాస్త్రవేత్తలతో పాటు పశువైద్యుడు, బయటి శాస్త్రవేత్త, శాస్త్రరంగానికి చెందని సామాజిక స్పృహ ఉన్న సభ్యుడు, కేంద్ర కమిటీ నామినీ ఉంటారు. ఎలుకలు, కుందేళ్ల లాంటి చిన్న జంతువుల ప్రాజెక్టుకు ఐఏఈసీ ఆమోదం చాలు. కుక్కలు, కోతుల లాంటి పెద్ద జంతువులైతే కేంద్ర కమిటీ ఆమోదమే కావాలి. ప్రాజెక్టు దరఖాస్తు ఫారం ‘బి’లో ఉంటుంది. ఎన్ని జంతువులు, ఎందుకు అన్ని, ప్రత్యామ్నాయం ఎందుకు కుదరదు, నొప్పికి ఏం చేస్తారు, చివరికి వాటిని ఏం చేస్తారు అన్నవి అందులో రాయాలి. ఈ ఫారమే మీకు కీలకం.

1960 చట్టం సెక్షన్ 17లో మరికొన్ని బాధ్యతలు ఉన్నాయి: మత్తు ఇచ్చి జాగ్రత్తగా చేయాలి. కోలుకున్నా తీవ్రంగా బాధపడే స్థితిలో ఉన్న జంతువును స్పృహ రాకముందే ప్రాణం తీయాలి. పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో బోధన సాధ్యమైన చోట ప్రయోగం వద్దు. కేవలం చేతి నైపుణ్యం కోసం చేయడం సాధ్యమైనంతవరకు మానాలి. రికార్డులు ఉంచాలి. ఇవి ఉల్లంఘిస్తే సెక్షన్ 19 కింద ఆ సంస్థలో ప్రయోగాలను కమిటీ నిషేధించగలదు. శిక్ష మాత్రం సెక్షన్ 20 కింద 200 రూపాయల లోపు జరిమానా. 1960 నాటి అంకె ఇంకా అలాగే ఉండటం నిజంగా సిగ్గుచేటు. పైగా సెక్షన్ 36 ప్రకారం నేరం జరిగిన మూడు నెలలలోపే ప్రాసిక్యూషన్ మొదలుపెట్టాలి. వార్షిక నివేదిక అచ్చయి మీ చేతికొచ్చేసరికే ఆ గడువు దాటిపోతుంది. అందుకని కోర్టు శిక్ష మీద ఆశ పెట్టుకోకుండా కమిటీకి రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, సెక్షన్ 18 కింద తనిఖీ కోరండి. ఉపయోగపడేది అదే.

ఫిర్యాదుకు ముందు సమాచారం కావాలి. ట్రస్టుకు మీరు రాసే ఉత్తరంలో నాలుగే అడగండి: గ్రాంటు తేదీ, మొత్తం; తీసుకున్న సంస్థ నమోదు సంఖ్య; ఐఏఈసీ ఆమోద సంఖ్య, తేదీ; డబ్బు వాడకం ధృవపత్రం. ‘జంతు హింస’ లాంటి మాటలు అందులో వద్దు. అవి కనబడగానే ఉత్తరం వాళ్ల లాయరు దగ్గరికి వెళ్తుంది, మీకు జవాబు రాదు. స్పీడ్ పోస్టులో పంపి 30 రోజులు ఆగండి. తరవాత సమాచార హక్కు చట్టం, 2005 కింద కేంద్ర కమిటీకి దరఖాస్తు పెట్టండి, రుసుము 10 రూపాయలు. కాలేజీ ప్రైవేటుదే కావచ్చు, అయినా వేరే చట్టం కింద ప్రభుత్వ సంస్థ రాబట్టగల ప్రైవేటు సంస్థ సమాచారం కూడా సెక్షన్ 2(ఎఫ్) నిర్వచనంలోకి వస్తుంది. ఆ వాక్యాన్ని దరఖాస్తులోనే ఉటంకించండి. వాణిజ్య రహస్యం అంటూ సెక్షన్ 8(1)(డి) కింద ఫారం ‘బి’ మొత్తాన్ని తిరస్కరించవచ్చు. అందుకే మందు ఫార్ములా అక్కర్లేదని, జంతువుల సంఖ్య, జాతి, ఆమోదం తేదీ, తనిఖీ నివేదిక చాలని మీరే తగ్గించి అడగండి. తిరస్కరిస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

ట్రస్టు డీడ్, అంటే ట్రస్టు లక్ష్యాలు రాసి ఉండే స్థాపన పత్రం, కూడా చూడాలి. ఇక్కడ చాలామంది చిక్కుకుంటారు. స్థిరాస్తి ఉన్న డీడ్ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటో పుస్తకంలో ఉంటుంది, దాని నకలు ఎవరైనా తీసుకోవచ్చు. స్థిరాస్తి లేని డీడ్ నాలుగో పుస్తకంలోకి వెళ్తుంది. దాని నకలు రాసుకున్నవాళ్లకు, వాళ్ల ద్వారా హక్కు పొందినవాళ్లకు మాత్రమే ఇస్తారు. అప్పుడు ట్రస్టునే అడగాలి. సంస్థ సెక్షన్ 8 కంపెనీ (కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేని కంపెనీ) అయితే పని తేలిక, కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్ది రుసుముతో పత్రాలు దొరుకుతాయి.

డీడ్‌లో ‘పరిశోధన’ అన్న లక్ష్యమే లేకపోతే మీకు గట్టి పట్టు దొరికినట్టే. లక్ష్యాలకు బయట ఆదాయం ఖర్చు చేయడం ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 12ఏబీ కింద నమోదు రద్దుకే దారితీయగల ఉల్లంఘన. ఆ ఫిర్యాదు ఆదాయపు పన్ను శాఖ ఎగ్జెంప్షన్స్ (మినహాయింపుల) కమిషనర్‌కు ఇవ్వాలి. (2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది కాబట్టి ఆ తరవాతి సంవత్సరాలకు సెక్షన్ నంబర్లు వేరు.) సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 దావా కూడా ఉంది. దానికి ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు, కోర్టు ముందస్తు అనుమతి కావాలి. లెక్కలు చెప్పించమని, ట్రస్టీలను తొలగించమని కోరవచ్చు గానీ మీ ఐదు లక్షలు మీకిప్పించమని కోరడానికి అది వేదిక కాదు. విరాళం ఇచ్చినంత మాత్రాన ‘ఆసక్తి’ ఉందని ప్రతి కోర్టూ ఒప్పుకోదు. సంస్థ ఎండోమెంట్స్ చట్టం, 1987 కింద నమోదైతే ముందు ఆ శాఖ కమిషనర్‌ను కలవాలి.

డీడ్‌లో పరిశోధన లక్ష్యం ఉంటే మాత్రం, అది ధార్మిక కార్యమే కాదన్న వాదనతో కాలం వృథా చేసుకోకండి. ఇంగ్లండ్‌లో 1947లో హౌస్ ఆఫ్ లార్డ్స్ జంతు ప్రయోగాల వ్యతిరేక సంఘానికే పన్ను రాయితీ నిరాకరించింది. వైద్యానికి జరిగే మేలు ఎక్కువని, చట్టం మార్చాలన్నది రాజకీయ లక్ష్యమని కారణాలు చెప్పింది. ఆ తీర్పు మన కోర్టులకు కట్టుబాటు కాదు. కానీ ఎదుటి పక్షం దాన్ని తప్పక చూపిస్తుంది.

ఇకముందు ఇచ్చే డబ్బుకు చెక్కుతో పాటు ఒక పేజీ ఉత్తరం జత చేయండి. ఇలా రాయవచ్చు: ‘ఈ మొత్తాన్ని, దీనిపై వచ్చే వడ్డీని సజీవ జంతువుల మీద ప్రయోగాలకు గానీ, ఆ జంతువుల కొనుగోలు, పెంపకం, యానిమల్ హౌస్ నిర్వహణకు గానీ, నేరుగా లేదా మరో సంస్థకు గ్రాంటు రూపంలో వాడరాదు. రోగుల చికిత్సకు మాత్రమే వాడాలి. అది వీలుకాకపోతే ఫలానా సంస్థకు బదిలీ చేయాలి.’ కింద ట్రస్టీ చేత ‘షరతులకు అంగీకరించి స్వీకరించాం’ అని సంతకం, ముద్ర వేయించండి. సంతకం అయ్యాకే బదిలీ చేయండి.

ప్రతి మాటకూ పని ఉంది. ‘మరో సంస్థకు గ్రాంటు’ అన్నది లేకపోతే మీకు జరిగినదే మళ్లీ జరుగుతుంది. ‘సజీవ’ అన్నది తీసేసి ‘జంతువులతో సంబంధం లేని పరిశోధనకే’ అని రాస్తే ఆ షరతు పాటించడం దాదాపు అసాధ్యం. గాజుపాత్రలో కణాలు పెంచే ల్యాబుల్లో చాలావరకు దూడ పిండం రక్తం నుంచి తీసిన సీరం వాడతారు. ‘నాకు తిరిగివ్వాలి’ అని రాస్తే అది విరాళమా అప్పా అని పన్ను అధికారి అడుగుతాడు, అందుకే వేరే సంస్థకు బదిలీ అన్నాను. విరాళాలన్నీ ఒకే ఖాతాలో కలిస్తే మీ రూపాయి ఏదో తేల్చలేరు. కాబట్టి ప్రత్యేక లెడ్జర్, ఏటా ఆడిటర్ ధృవీకరించిన వాడకం పత్రం అడగండి. పెద్ద మొత్తమైతే విడతలుగా ఇచ్చి, మొదటి పత్రం వచ్చాకే రెండో విడత ఇవ్వండి. విరాళాల మీద పన్ను రాయితీకి (పాత చట్టంలో 80జీ) 2,000 రూపాయలు మించిన నగదు చెల్లదు, ట్రస్టు ఇచ్చే విరాళ ధృవపత్రం (పాత చట్టంలో ఫారం 10బీఈ) తప్పనిసరి.

పరిశోధనకే ఇవ్వాలనుకుంటే అదీ సాధ్యమే. 2023 మార్చిలో కొత్త ఔషధాల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు సవరించి, మానవ కణాల నమూనాలు, చిప్ మీద అవయవాలు (చిన్న చిప్‌లో కణాలు పెంచి అవయవం పనితీరును అనుకరించేవి), కంప్యూటర్ నమూనాల వంటి పద్ధతులను ఔషధ పరీక్షకు అంగీకరించారు. ‘చట్టప్రకారం జంతువులు తప్పవు’ అని ట్రస్టు అంటే ఈ సవరణ చూపించి, మీ డబ్బు ఆ పద్ధతులకే అని షరతు రాయండి.

మీ అమ్మాయి విషయంలో ముందు పాస్‌పోర్టు చూడాలి. భారత పౌరసత్వం ఉండి, బ్యాంకు ద్వారా సొంత సంపాదన పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ట్రస్టుకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని వాళ్ల ప్రత్యేక ఖాతాకే వెళ్లాలి. 2020 సవరణ తరవాత అలా వచ్చిన డబ్బును ట్రస్టు మరో సంస్థకు ఇవ్వకూడదు. ఏ పనికి పుచ్చుకున్నారో ఆ పనికే వాడాలని అదే చట్టం సెక్షన్ 8 చెబుతుంది. కాబట్టి ఆమె డబ్బు ఆ కాలేజీకి గ్రాంటుగా వెళ్లే వీల్లేదు. ట్రస్టుకే సొంత ల్యాబ్ ఉంటే మాత్రం ఈ నిషేధం అడ్డురాదు. ఆమె కూడా పై ఉత్తరం జతచేయాలి, సంతకం చేసిన ప్రతి ఆమె దగ్గరా ఉండాలి.