ఆ 86 మీ ప్లేస్టేషన్‌కు వచ్చిన మార్కు కాదు

పాత ప్లేస్టేషన్ 4 ఉంది, సైబర్‌పంక్ 2077 ఆట చౌకగా దొరుకుతోంది, సమీక్షకుల మార్కుల సగటు చూపే మెటాక్రిటిక్ సైటులో 86 ఉంది, కొనమంటారా అని అడిగారు. వద్దండి. ఆ 86 కంప్యూటర్ వెర్షన్‌ది. ప్లేస్టేషన్ 4 మార్కు విడిగా చూడండి, 57 కనిపిస్తుంది.

2020 డిసెంబరులో విడుదలకు ముందు సమీక్షకుల చేతికి వచ్చినవి కంప్యూటర్ కాపీలే. ప్లేస్టేషన్ 4 లాంటి పాత కన్సోళ్లలో ఆట ఎలా నడుస్తుందో తేలకముందే మార్కులు పడిపోయాయి. వారం తిరిగేసరికి సోనీ తన స్టోరు నుంచి ఆటను తీసేసింది, 2021 జూన్‌లో గానీ మళ్లీ పెట్టలేదు. తర్వాత బాగుపడిందన్న మాట నిజమే. కానీ ఆటలోని నైపుణ్యాల పద్ధతిని, పోలీసుల తీరును సమూలంగా మార్చిన 2023 నాటి 2.0 అప్‌డేట్ ప్లేస్టేషన్ 4కు రానే లేదు. ఇప్పటి పొగడ్తలన్నీ వేరే యంత్రాల మీద ఆడినవారివి.

నేనైతే మార్కు జోలికి పోను. బాగా తిట్టిన సమీక్షను ముందు చదువుతాను. ఆ తిట్లు నాకు పట్టని సంగతుల మీదైతే నిశ్చింతగా కొనేస్తాను.

మీ కంప్యూటర్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోరు స్టీమ్‌లో తీసుకోండి. రెండు గంటలకు మించి ఆడకుండా, కొన్న 14 రోజుల్లోపు అడిగితే డబ్బు వాపసు ఇస్తారు. ఆ రెండు గంటల్లో సగం, ఆటలో మీ పాత్రకు ముక్కూ మొహం దిద్దడానికే పోనివ్వకండి మరి!