బాక్సు కంటే ముందు మాట వచ్చిన రోజులు

తెలుగులో పెద్ద సినిమాలన్నీ ఒకే మూసలో ఎందుకు వస్తున్నాయి, నిర్మాతలకు డబ్బు యావ పెరిగినందుకా, రాసేవాళ్ళ బుర్రలు ఎండిపోయినందుకా అని ఈ మధ్య ఒకరు నన్ను అడిగారు. రెండూ కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే నా పాత ఉద్యోగం సంగతి చెప్పాలి.

పదేళ్ళకు పైగా నెల్లూరులో ఒక సినిమా పంపిణీ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా పనిచేశాను. సినిమా రీళ్ళుండే బాక్సు వెంట హాలుకు వెళ్ళడం, ఆటాటకూ తెగిన టికెట్లు లెక్క చూడడం, రాత్రి డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ళ లెక్క, కాగితం మీద మేనేజరు సంతకం తీసుకుని ఆఫీసుకు ఫోను చేయడం నా పని. సినిమా వ్యాపారం లెక్కలో నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు అయ్యాక చివర వచ్చే కడగొట్టు ఏరియా మా నెల్లూరు. అందరూ బేరాలాడుకున్నాక మమ్మల్ని పిలిచేవారు.

డబ్బు యావ అప్పుడు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. నేను చూసినవాళ్ళలో కళ కోసం సినిమా కొన్నవాడు ఒక్కడూ లేడు. కాపీలూ కొత్త కాదు. 1973లో హిందీలో ‘జంజీర్’ ఆడితే మరుసటి ఏడాదికే మనకు ‘నిప్పులాంటి మనిషి’ వచ్చేసింది. 1999లో ముఠా కక్షల కథ ‘సమరసింహారెడ్డి’ విరగబడి ఆడాక కొన్నేళ్ళ పాటు నేను మోసిన బాక్సుల్లో సగం సుమోలూ కొడవళ్ళే. ఒక్క పోస్టరు అతికించి కింద పేరు మారిస్తే చాలదా అని మా పోస్టర్ల కుర్రాడు అడిగేవాడు.

కాకపోతే ఆ సుమోల మధ్య ఎక్కడో ఒక చిన్న సినిమా బతికి బట్టకట్టేది. ఎలాగో కావలిలో కళ్ళారా చూశాను.

కొత్తవాళ్ళతో తీసిన సినిమా అది. పేరు చెప్పినా మీకు గుర్తుండదు. శుక్రవారం మొదటి ఆటకు 61 టికెట్లు, శనివారం అదే ఆటకు 74. మేనేజరు నా వైపు జాలిగా చూసి టీ కూడా తనే తెప్పించాడు. ఆదివారం 190 తెగాయి. అది లెక్కలోది కాదు, ఆదివారం ఏది వేసినా జనం వస్తారు. సోమవారం పొద్దున ఆటకు గేటు పక్కన నిలబడి ఉన్నాను. జలదంకి వైపు నుంచి ఆటోలో ఆరుగురు ఆడవాళ్ళు దిగారు. పొలం పనులు మానుకుని వచ్చినట్టున్నారు. ఏమ్మా, ఈ సినిమాకేనా అని అడిగితే అందులో ఒకామె అంది: “మా తోడికోడలు నిన్న చూసొచ్చింది. కథంతా చెప్పి, చివర అత్తగారు ఏమంటుందో మాత్రం చెప్పనంటోంది. రాత్రి నిద్ర పట్టలేదయ్యా.”

ఆ ఆటకు 140 దాటాయి. ఆదివారం తరవాత సోమవారం పడిపోకుండా ఉంటే సినిమా నిలబడినట్టేనని మా వాళ్ళ సూత్రం. ఆ హాల్లోనే అయిదు వారాలాడింది. ఒక్కో ప్రింటుకు, అంటే రీళ్ళ ప్రతికి, వేలకు వేలు ఖర్చు కాబట్టి మా ఏరియాకు ఉన్నవి రెండే. కావలిలో తీసేశాకే ఉదయగిరికి పంపాలి. ఏడు డబ్బాలున్న ఇనప పెట్టెను నెల్లూరులో బస్సు టాపు మీదికి ఎక్కిస్తుంటే, లగేజీ టికెట్టు కొడుతూ కండక్టరు “అత్తగారి సినిమానా?” అన్నాడు. పెట్టె మీద సినిమా పేరు తప్ప మరేమీ లేదు. ఆత్మకూరు మీదుగా ఇంచుమించు వంద కిలోమీటర్ల దారిలో బాక్సు కంటే ముందే మాట వెళ్ళిపోయిందన్నమాట. ఉదయగిరిలో మొదటి రోజే హాలు నిండింది.

ఇప్పుడు ఆ వరస తలకిందులైంది. ప్రింట్లు పోయి డిజిటల్ వచ్చాక కావలికీ ఉదయగిరికీ హైదరాబాదుకూ ఒకే రోజు ఒకే గంటకు సినిమా పడుతుంది. మాకు ఎదురుచూపులు తప్పినందుకు సంతోషించాను, అబద్ధం ఎందుకు. కానీ వసూలంతా మొదటి మూడు రోజుల్లోకి వచ్చి పడింది. ఆ మూడు రోజులకే టికెట్టు ధర పెంచుకోవాలన్న ఆరాటం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చి ఉత్తర్వు ప్రకారం, హీరో, దర్శకుల పారితోషికాలు కాక వంద కోట్లు దాటి ఖర్చయిన సినిమాకు మొదటి పది రోజులు ధర పెంచుకునే వీలు ఇచ్చారు. పది రోజులెందుకు, ఆ లోపలే దాని కథ ముగుస్తుంది. ఇక హాలు అద్దె సంగతి. మా దగ్గర ఒంటి తెర హాళ్ళు చాలావాటికి పంపిణీదారుడు అద్దె కడతాడు. వసూళ్ళలో శాతమే కావాలని 2025 మేలో ప్రదర్శకులు జూన్ 1 నుంచి హాళ్ళు మూసేస్తామన్నది ఈ పద్ధతి మీదే. నెమ్మదిగా పుంజుకునే సినిమాకు రెండో వారం అద్దె చేతి నుంచి పెట్టుకోవాలి. ఎవరు పెడతారు?

అంటే ఎవరూ చూడకముందే సినిమా అమ్ముడుపోవాలి. చూడని వస్తువును జనం ఏం చూసి కొంటారు? తెలిసిన ముఖం చూసి, తెలిసిన పేరు పక్కన ‘2’ అంకె చూసి, నిరుడు ఆడినదానికి పోలిక చూసి. కొత్త కథకు పోలిక ఉండదు, అదే దాని ఖర్మ. అందుకే రచయితను తిట్టబుద్ధి కాదు నాకు. తోడికోడలు చెప్పి పంపేదాకా ఆగే సోమవారం లేకుండా పోయింది.

ఇంకొకటి, ఇది నా చాదస్తమే అనుకోండి. హిందీలోకీ తమిళంలోకీ ఒకేసారి వెళ్ళాలని తీస్తున్నప్పటి నుంచి హీరో ఏ ఊరివాడో తెలియడం లేదు. వాళ్ళ అమ్మ ఏం వండుతుందో తెలియదు. మా నెల్లూరు మాట వినిపించిందంటే పక్కన నవ్వులాటగాడు ఉన్నాడని అర్థం.

వ్యాపారానికీ కొత్తదనానికీ పుట్టుకతోనే పగ అని మాత్రం ఒప్పుకోను. మాటల్లేకుండా 1987లో ‘పుష్పక విమానం’ తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు మా ఉదయగిరిలో పుట్టినవారే. 1991లో ‘ఆదిత్య 369’లో ఆయన కాలయంత్రం ఎక్కించింది ఎవరినో తెలియని కుర్రాణ్ణి కాదు, బాలకృష్ణ గారిని. పెద్ద హీరో ఉన్నాడని కథ చిన్నబోలేదు. ఒంగోలులో చదువుకున్న టి. కృష్ణ గారు 1985లో ‘ప్రతిఘటన’ తీస్తే ఆడవాళ్ళు బారులు తీరారని మా ఆఫీసులో పెద్దవాళ్ళు చెప్పేవారు. వాటిని కొన్నవాళ్ళూ లాభం కోసమే కొన్నారు.

ప్రేక్షకుల తప్పు ఎంత అంటారా? నాదీ ఉంది. నేనూ చిన్న సినిమాలు ఫోనులో వచ్చాక చూద్దాంలే అనుకునే రకమే. పోయిన ఏడాది పట్టుదలకు పోయి, పేరు తెలియని నటులున్న ఒక సినిమాకు బుధవారం మ్యాట్నీకి వెళ్ళాను. కౌంటరులో కుర్రాడు టికెట్టు కొట్టకుండా కూర్చున్నాడు.

“పది తెగితేనే ఆట సార్. మీతో ఏడుగురు.”

ఇంకో మూడు నేనే కొన్నాను. ఒకటి క్యాంటీను అబ్బాయికి ఇచ్చాను, సమోసాలు చల్లారిపోతాయని వాడు లోపలికి రాలేదు. సినిమా చెప్పుకోదగ్గ గొప్పదేమీ కాదు. మొదటి సగం సాగదీశాడు. అయితే తండ్రి పాత సైకిలు అమ్మబోయి బేరం ఆడలేక వెనక్కి తెచ్చుకునే ఘట్టం ఒకటుంది, అది ఇంకెక్కడా చూడలేదు. ఇంటికి వచ్చి మా ఆవిడకు ఆ ఘట్టం చెబితే శనివారం వెళ్దాం అంది.

శుక్రవారం సాయంత్రం అటుగా వెళ్ళి చూస్తే హాలు ముందు వేరే పోస్టరు ఉంది.