రాడార్‌ను కిలోమీటర్లతోనే కొలవవచ్చా?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: చైనా జె-10సి, జె-16, జె-20 యుద్ధ విమానాలలో కొత్త తరహా ‘ఏసా’ రాడార్లు ఉన్నాయని చదివాను. రష్యా నుంచి చైనా కొన్న సుఖోయ్-35లో ఉన్నది అంతకు ముందు తరం రాడారే అయినా 400 కిలోమీటర్ల దూరం చూస్తుందట. అలాంటప్పుడు పాతదే మేలని అనుకోవాలా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, రాజాం

జవాబు: సుఖోయ్-35లోని ‘ఇర్బిస్’ రాడార్‌కు తయారీదారులు చెప్పుకున్న దూరం 400 కిలోమీటర్లే. అయితే ఆ అంకెకు వారే ఒక షరతు కూడా జోడించారు. పత్రికలకు ఎక్కేసరికి అది రాలిపోతోంది. రాడార్‌కు 3 చదరపు మీటర్లంత కనిపించే విమానం ఎదురుగా వస్తూ ఉండాలి, రాడార్ ఆకాశంలో ఒక ఇరుకైన భాగాన్ని మాత్రమే గాలిస్తూ ఉండాలి. అప్పుడే ఆ 400.

రాడార్ నుంచి బయలుదేరిన తరంగం లక్ష్యాన్ని చేరేలోపు దూరపు వర్గానికి తగ్గట్టు పలచబడుతుంది. తిరిగివచ్చే ప్రతిధ్వని అదే లెక్కన మరోసారి పలచబడుతుంది. అంటే అందే సంకేతం దూరపు నాలుగో ఘాతానికి తగ్గట్టు క్షీణిస్తుంది. రెట్టింపు దూరం చూడాలంటే 16 రెట్ల శక్తి కావాలి. ఇదే సూత్రాన్ని అటు నుంచి చూడండి: లక్ష్యం రాడార్‌కు కనిపించే పరిమాణం వందో వంతుకు తగ్గితే 400 కిలోమీటర్లు సుమారు 126 అవుతాయి, పదివేలో వంతుకు తగ్గితే 40 మాత్రమే మిగులుతాయి. అందువల్ల “ఎంత దూరం చూస్తుంది?” అని అడిగిన ప్రతిసారీ “దేనిని?” అని కూడా అడగాలి. జె-20 వంటి స్టెల్త్ (రాడార్‌కు అతి తక్కువగా కనిపించేలా మలచిన) విమానాన్ని ఇతర విమానాలతో పోల్చేటప్పుడు దాని రాడార్ కంటే ముందు దాని ఆకారాన్ని లెక్కలోకి తీసుకోవాలని నేను అనేది ఇందుకే.

ఇక తరాల సంగతి. ఇర్బిస్‌లో శక్తిని పుట్టించే ట్రాన్స్‌మిటర్ వ్యవస్థ యాంటెన్నా వెనుక ఒకేచోట ఉంటుంది. కిరణపుంజాన్ని మాత్రం యాంటెన్నా విద్యుత్ పద్ధతిలో అటూ ఇటూ తిప్పుతుంది. ఏసా రాడార్‌లో యాంటెన్నా ముఖం మీద వందల కొద్దీ చిన్న మాడ్యూళ్లు ఉంటాయి, వాటిలో ప్రతి ఒక్కటీ సొంతంగా పంపగలదు, అందుకోగలదు. కొన్ని మాడ్యూళ్లు చెడిపోయినా చూపు కొంత మందగిస్తుందే తప్ప రాడార్ ఆగిపోదు. అది ఒకే సమయంలో కొత్త లక్ష్యాలను వెతుకుతూ, పాతవాటిని వెంటాడుతూ, పౌనఃపున్యాన్ని క్షణక్షణానికి మార్చి శత్రువు జామింగ్‌ను, అంటే రాడార్‌ను గందరగోళపరిచే తరంగాలను, తప్పించుకోగలదు. నా దృష్టిలో ఈ లక్షణాలు దూరం కంటే విలువైనవి.

ఏసా అన్న ఒక్క మాటతో ఆ మూడు విమానాలూ సమానమైపోవు; యాంటెన్నా ఎంత పెద్దదన్నదీ ముఖ్యమే. కిరణపుంజం సన్నబడాలంటే యాంటెన్నా పెద్దదైనా కావాలి, తరంగం పొట్టిదైనా కావాలి. మన ఉత్తరాంధ్ర వారికి తుపాను రోజుల్లో పరిచయమైన విశాఖ కైలాసగిరి వాతావరణ రాడార్ సుమారు 10 సెంటీమీటర్ల తరంగాలు వాడుతుంది. దాని పెద్ద యాంటెన్నాకు కొండ మీద చోటుంది. యుద్ధ విమానానికి ముక్కులో పట్టినంతే యాంటెన్నా. కనుక సుమారు 3 సెంటీమీటర్ల తరంగాలతో సన్నని కిరణపుంజాన్ని రాబట్టుకుంటుంది. ఏసాలో యాంటెన్నా వైశాల్యం రెట్టింపైతే మాడ్యూళ్లూ రెట్టింపవుతాయి, పుంజమూ సన్నబడుతుంది, గ్రహణశక్తీ పెరుగుతుంది. ఇవన్నీ కలిసి, సాంకేతికత అదే అయినా, దూరాన్ని దాదాపు 1.7 రెట్లు చేస్తాయి. ఒంటి ఇంజిను జె-10సి ముక్కు చిన్నది. సుఖోయ్ వంశంలో పుట్టిన జె-16 ముక్కు పెద్దది. ఫొటోలు దొరికితే అదే వంశానికి చెందిన చైనా విమానం జె-11బిని, జె-16ను పక్కపక్కన పెట్టి చూడండి. యాంత్రికంగా తిరిగే రాడార్‌తో వచ్చిన జె-11బి ముక్కు కొసన గాలి వేగాన్ని కొలిచే సన్నని పిటో గొట్టం పొడుచుకొని ఉంటుంది. జె-16లో ఆ కొస నున్నగా ఉంటుంది. రాడార్ తరం మారిందనడానికి అది బయటికి కనిపించే గుర్తు.

ప్రశ్న: జె-20 ముక్కు కింద అద్దాల పెట్టె వంటిది ఉంది. అది వేడిని పసిగడుతుందని విన్నాను. అది ఉండగా రాడార్‌తో పనేమిటి?
— నౌకాదళ విశ్రాంత ఉద్యోగి, చీపురుపల్లి

జవాబు: మీరు విన్నది నిజమే; అది పరారుణ కిరణాలతో లక్ష్యాలను గుర్తించే పరికరం. విమానం నలువైపులా గమనించే పరారుణ కెమెరాలు జె-20కి వేరుగా ఉన్నాయి. జె-10సి, జె-16లలో ఇదే జాతి పరికరం కాక్‌పిట్ అద్దం ముందు గుండ్రని బుడిపెలా కనిపిస్తుంది. ఇది ఏ తరంగాన్నీ పంపదు గనుక తన ఉనికిని చాటదు. రాడార్ అలా కాదు. దాని తరంగం శత్రువును చేరడానికి ఒకవైపు ప్రయాణమే చాలు కాబట్టి, తాను చూడగలిగిన దూరం కంటే చాలా ఎక్కువ దూరానికి తన జాడ తెలిసిపోతుంది.

అయితే పరారుణ పరికరం దిశను కచ్చితంగా చెప్పినంత సులువుగా దూరాన్ని చెప్పలేదు. మేఘం అడ్డొస్తే దాదాపు గుడ్డిదవుతుంది. గాలిలోని నీటి ఆవిరి కూడా ఆ కిరణాలను మింగుతుంది. కళింగపట్నం, భావనపాడు తీరాల ఉక్కపోత తెలిసినవారికి, బంగాళాఖాతం మీద తక్కువ ఎత్తులో దాని చూపు ఎందుకు కుంచించుకుపోతుందో వేరే చెప్పనక్కరలేదు. ఎత్తున, పొడి గాలిలో అదే పరికరం ఎంతో బాగా పనిచేస్తుంది. కనుక రెండూ కావాలి. రెండింటి సమాచారాన్నీ కలిపి పైలట్‌కు ఒకే చిత్రంగా చూపే కంప్యూటర్ అంతకన్నా కావాలి.

ప్రశ్న: పాకిస్థాన్ వద్ద కూడా జె-10లు ఉన్నాయి కదా, ఈ విషయంలో మనం ఎక్కడున్నాం?
— ఉపాధ్యాయురాలు, టెక్కలి

జవాబు: పాకిస్థాన్ 2022లో జె-10సి ఎగుమతి రకాన్ని తన వాయుసేనలో చేర్చుకుంది. మన రఫేల్‌లో ఏసా రాడార్ ఉంది. మన సుఖోయ్-30లలో ఉన్న ‘బార్స్’ మాత్రం పైన చెప్పిన ఇర్బిస్‌కు ముందటి రూపం. సంఖ్యలో మన వాయుసేనకు వెన్నెముక ఆ విమానాలే గనుక, వాటి రాడార్‌ను మార్చడం అన్నిటికంటే ముందు జరగవలసిన పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను. తేజస్ కోసం బెంగళూరులోని డీఆర్‌డీవో ప్రయోగశాల ‘ఉత్తమ్’ అనే ఏసా రాడార్‌ను రూపొందించింది.

ఏసా రాడార్ల మాడ్యూళ్లకు ప్రాణం గాలియం అనే లోహం: మొదట గాలియం ఆర్సెనైడ్, ఇప్పుడు అంతకంటే ఎక్కువ శక్తిని, వేడిని తట్టుకునే గాలియం నైట్రైడ్. ప్రపంచపు గాలియంలో అత్యధిక భాగం చైనాలోనే తయారవుతోంది. 2023 ఆగస్టు నుంచి ఆ దేశం దాని ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. బాక్సైట్‌ను అల్యూమినాగా శుద్ధి చేసే ద్రావణంలో ఈ లోహం కొద్దికొద్దిగా చేరుతుంది, అక్కడి నుంచే దానిని వేరు చేస్తారు. మన సాలూరు కొండలకు ఆవల, కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉంది. అటువంటి కర్మాగారాలలో గాలియం రాబట్టడాన్ని లాభనష్టాల లెక్కతో కాక రక్షణ అవసరంగా చూడాలి.