ఎంఎల్‌టీ ఇంటర్న్‌షిప్‌లో ఇబ్బంది పెట్టేది సబ్జెక్టు కాదు

మీ చెల్లి బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) ఇంటర్న్‌షిప్‌కి వచ్చే నెల హైదరాబాద్ వస్తోందని, ఎలాంటి కష్టాలుంటాయని అడిగారు. నేనూ సూర్యాపేట నుంచి వచ్చి ఇక్కడే ఓ పెద్ద ఆసుపత్రిలో చేశాను, పేరు వద్దులెండి.

నాకు మొదటి రోజే ఎదురైంది భాష. పొద్దున రక్తం తీయడానికి ట్రే పట్టుకుని వార్డులోకి వెళ్తే పాతబస్తీ నుంచి వచ్చిన ఓ పెద్దావిడ, ఆమెకు తెలుగు రాదు, నాకు ఉర్దూ రాదు. పిడికిలి బిగించమని చెప్పడానికి నా పిడికిలే బిగించి చూపించాను, ఆవిడ కొడతానేమో అనుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది! తర్వాత వార్డుబాయ్ దగ్గర 'ముట్ఠీ బంద్ కరో', 'కుచ్ ఖాయే క్యా' లాంటి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. ఫాస్టింగ్ షుగర్‌కి ఏమీ తినలేదు కదా అని అడిగితే లేదనే అంటారు, చాయ్ తాగారా అని విడిగా అడగాలి, చాయ్‌ని మనవాళ్లు లెక్కలో వేయరు.

రెండో వారంలో ఊదారంగు ట్యూబులో రక్తం ఎక్కువైందని కొంచెం ఎర్ర ట్యూబులోకి వంపేశాను. ఊదా దాంట్లో ఉండేది పొటాషియం ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం), అది ఎర్ర ట్యూబులో కలిస్తే పొటాషియం బాగా పెరిగినట్టు, కాల్షియం పడిపోయినట్టు రిపోర్టు వస్తుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ముక్కే ఇది, అయినా చేశాను. ఆ రెండూ కలిపి చూడగానే ఇన్‌ఛార్జ్‌కి అర్థమైపోయింది, అందరి ముందూ వాయించేశారు. మళ్లీ రక్తం ఇమ్మని పేషెంట్‌ని అడగడం ఆ తిట్ల కంటే కష్టంగా అనిపించింది.

ఆ తిట్ల భయమే నన్ను ముంచింది. తర్వాతి నెల వాడిన సూదికి మూత పెట్టబోయి బొటనవేలికి గుచ్చుకున్నాను (మూత పెట్టకూడదు, కట్టర్‌లో కత్తిరించి తెల్ల డబ్బాలో వేయాలి, తెలుసు, కానీ ఆ వార్డులో డబ్బా నిండిపోయి ఉంది). పిండుకుని, కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా మధ్యాహ్నం దాకా పనిచేశాను. పిండకూడదని కూడా అప్పుడు తెలీదు, సబ్బుతో నీళ్ల కింద కడిగితే చాలు. ఓ సిస్టర్ నా మొహం చూసి కనిపెట్టి క్యాజువాలిటీకి లాక్కెళ్లింది. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే 2 గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఇక ఉపయోగం ఉండదు, కోర్సు 28 రోజులు. నేను అప్పటికే ఐదు గంటలు పోగొట్టుకున్నాను. అదృష్టం, ఆ పేషెంట్‌కి అన్నీ నెగటివ్ వచ్చాయి, మందులు ఆపేశారు, కానీ ఆ రిపోర్టులు వచ్చేదాకా అమ్మ ఫోన్ ఎత్తలేకపోయాను.

స్టైపెండ్ ఇస్తారో లేదో చేరకముందే అడగమనండి, మాకు ఇవ్వలేదు. లాగ్‌బుక్‌లో సంతకాలు ఏ రోజువి ఆ రోజే పెట్టించుకోవాలి, చివర్లో ఆ టెక్నీషియన్లు దొరకరు.

ముందు మాత్రం హెపటైటిస్ బి టీకా సంగతి చూడండి. మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. సూది గుచ్చుకున్న రోజుకి నేను ఒక్కటే వేసుకున్నాను. వచ్చే నెల చేరుతోందంటే తను ఈ వారమే మొదలుపెడితే రెండోదైనా అప్పటికి పడుతుంది.