తుమ్ముల కంటే సాయంత్రపు జ్వరానికి భయపడు

చి. అమ్ములుకి,

పెద్దమ్మ ఆశీస్సులు.

తుమ్ములొచ్చినా, కళ్ళు దురదపెట్టినా నీ కాక్‌టీల్ చిలకని ఎవరికీ ఇచ్చేది లేదని తెగేసి చెప్పావట. మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. నాకు మాత్రం ముందు గర్వమే కలిగింది. తెచ్చుకున్న ప్రాణిని కష్టం రాగానే ఎవరో ఒకరి చేతుల్లో పెట్టి చేతులు దులుపుకునే రకం కాదు మా పిల్ల, అనుకున్నాను. బాగా చూసుకుంటే అది 15, 20 ఏళ్ళు బతుకుతుంది. అన్నేళ్ళు దానితో ఉండాలనుకుంటున్నావు కాబట్టే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు. పంజరం పడకగదిలో వద్దు. ఈకలు కూరిన దిండ్లు, దుప్పట్లు ఉంటే ఇవాళే తీసెయ్. పంజరం కింద కాగితం రోజూ మార్చు. చీపురు పట్టకు, తడిగుడ్డతో తుడువు. దాన్ని ముట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకోకు. పంజరం కడిగే పని ఇంకెవరైనా చేస్తానంటే వాళ్ళకే అప్పగించు, ఎవరూ లేకపోతే ఎన్95 మాస్కు కట్టుకుని చెయ్. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

తెలియనిది ఆ పొడి సంగతి కావచ్చు. నల్ల చొక్కా వేసుకుని దాన్ని కాసేపు భుజం మీద కూర్చోబెట్టుకుని చూడు. అది ఒళ్ళు విదిలించుకున్నప్పుడల్లా పిండి జల్లించినట్టు తెల్లగా రాలుతుంది. కాక్‌టీల్‌కీ, కాకాటూ, ఆఫ్రికన్ గ్రే అనే చిలకలకీ కొన్ని ప్రత్యేకమైన ఈకలుంటాయి. వాటి కొసలు ఎప్పుడూ పొడిపొడిగా రాలుతూనే ఉంటాయి. ఆ పొడి పక్షులకే పడదంటే నమ్ముతావా? కాకాటూలున్న గదిలో నీలం పసుపు మకావ్ అనే పెద్ద చిలకని ఉంచితే దాని ఊపిరితిత్తులు పాడవచ్చు. కాబట్టి నీకు పడకపోవడం నీ బలహీనతేమీ కాదు, చిన్నబుచ్చుకోకు. దానికి తరచుగా మామూలు నీళ్ళు సన్నగా చిలకరించి స్నానం చేయిస్తే పొడి తగ్గుతుంది. గాలి శుభ్రం చేసే యంత్రం కొంటే హెపా ఫిల్టర్ ఉన్నదే కొను. కంటికి కనిపించని 0.3 మైక్రాన్ల కణాలను కూడా అది 99.97 శాతం పట్టేస్తుంది. ఓజోన్ వదిలే యంత్రాల జోలికి పోకు. పక్షి ఊపిరి మన ఊపిరి కంటే సున్నితం. రూమ్ ఫ్రెషనర్లు, సువాసన కొవ్వొత్తులు దానికి పడవు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకి ప్రాణమే పోతుంది.

ఇక అసలు మాట. మీ పెదనాన్న ఒకప్పుడు డాబా మీద పావురాలు పెంచేవారు. నువ్వు పుట్టకముందు సంగతి. ఆదివారం పొద్దున్నే రేకు ముక్క పట్టుకుని గూళ్ళలో ఎండిన రెట్ట గీకుతూ కూర్చునేవారు. తలుపు సందులోంచి పడే ఎండలో ఆ దుమ్ము ఆయన ముఖం చుట్టూ తేలుతూ కనిపించేది. ఒక్క తుమ్ము కూడా వచ్చేది కాదు. “నాకు పావురాలు పడతాయే” అనేవారు. ఆయన చేసిన తప్పల్లా అదే, తుమ్ము రాకపోతే పడినట్టేనని నమ్మడం.

చీకటి పడేసరికి చలి మొదలయ్యేది. ఒళ్ళునొప్పులు, పొడిదగ్గు, జ్వరం. ఒకటి రెండు రోజులకి అదే తగ్గిపోయేది. పొద్దున గీకిన రెట్టకీ సాయంత్రపు జ్వరానికీ ముడి పెట్టాలని ఎవరికి తోస్తుంది? ఆ దుమ్ము పీల్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటలకి గానీ జ్వరం బయటపడదని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. చూపించుకున్న డాక్టరు పక్షులున్నాయా అని అడగలేదు, ఈయన చెప్పలేదు. దగ్గు మందు తాగుతూ కాలం గడిపారు. ఊరెళితే బాగుండేవారు, తిరిగొస్తే మళ్ళీ మామూలే. గాలి మార్పు అనుకున్నాం. కొన్నాళ్ళకి మెట్ల మధ్యలో చెప్పు సర్దుకుంటున్నట్టు వంగడం మొదలుపెట్టారు. అది ఆయాసమని నాకు తెలియనివ్వకూడదని. మనిషి చిక్కిపోయారు. చివరికి ఇంకో డాక్టరు మొదటి ప్రశ్నే “ఇంట్లో పక్షులున్నాయా?” అని అడిగారు. రక్తపరీక్ష, సీటీ స్కాన్ అయ్యాక దాని పేరు చెప్పారు, హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పీల్చిన దుమ్ము పడక ఊపిరితిత్తులు వాచే జబ్బట. పావురాలను పంపించేశాం, ఇల్లంతా కడిగాం. అయినా ఊపిరితిత్తుల్లో గట్టిపడిన చోటు మళ్ళీ మెత్తబడలేదు. ఇప్పటికీ ఆయన మెట్ల మధ్యలో ఆగుతారు.

అందుకే అమ్ములూ, నీ తుమ్ములు నన్ను అంతగా భయపెట్టవు. వాటికి మాత్రలున్నాయి. రాత్రిళ్ళు పిల్లికూతలు వినిపిస్తే మాత్రం అది ఆస్తమా కావచ్చు, రేపు చూద్దాంలే అనకు. పెదనాన్నకి వచ్చింది వేరే. దానికి తుమ్ముల మాత్ర పనిచేయదు. ఇప్పుడే ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికెళ్ళి శ్వాస పరీక్ష చేయించుకో, తర్వాత ఏమైనా తేడా వస్తే పోల్చి చూడటానికి ఉంటుంది. పంజరం కడిగిన రోజూ, జ్వరం వచ్చిన రోజూ క్యాలెండర్ మీద గుర్తు పెట్టు. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా వాళ్ళు అడగకముందే నా ఇంట్లో పక్షి ఉందని చెప్పు. పక్షి నలతగా ఉన్నప్పుడు నీకు జ్వరం వస్తే పక్షి నుంచి మనిషికి సోకే సిట్టకోసిస్ అనే అంటు కూడా కావచ్చు. యాంటీబయాటిక్‌తో తగ్గేదే, కానీ పక్షి మాట చెప్పకపోతే దాన్ని ఎవరూ అనుమానించరు.

ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయని డాక్టరు ఎప్పుడైనా అంటే మొండికెయ్యకు. మాస్కు ఉంది కదా, యంత్రం ఉంది కదా అని వాదించకు. నా మీద ఒట్టు, ఆ రోజే పక్షిని పంపించెయ్. నేనే ఉంచుకుంటానని రాయాలని ఎంతో ఉంది తల్లీ, కానీ మీ పెదనాన్న ఉన్న ఇంట్లోకి ఈక కూడా రాకూడదు. కాబట్టి దాన్ని ప్రేమగా చూసుకునే మనిషినొకరిని ఇప్పటినుంచే మాట్లాడి పెట్టుకో. అవసరం పడకూడదనే రోజూ దండం పెట్టుకుంటాను.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. పరీక్ష చేయించుకుంటే చాలు, పక్షిని ఇచ్చెయ్యమని నిన్నిక వేధించదు. ఎప్పుడు వెళుతున్నావో రాయి. ఇంత గొడవలో దాని పేరేమిటో నాకెవరూ చెప్పలేదు, అది కూడా రాయి.

మీ పెద్దమ్మ