బావ ఇచ్చిన సిగార్ సంగతి తర్వాత, ముందు ఆ పూత చూపించండి

ప్రశ్న: నా వయసు 47. సోంపేట దగ్గర పల్లె. జీడిపప్పు వ్యాపారం చేస్తాను. ఇరవై ఏళ్లుగా చుట్ట అలవాటు. దుబాయ్ నుంచి వచ్చిన మా బావ సిగార్ల కట్ట ఒకటి ఇచ్చాడు. ఆరంగుళాల పొడవు, బొటనవేలి కంటే లావు, సైజు 60 అని రాసి ఉంది. చవక రకమేనట. అయినా పొగ చల్లగా ఉంది, ఘాటు లేదు, బూడిద తెల్లగా అంగుళం దాకా రాలకుండా నిలుస్తోంది. ఇది మంచి సరుకేనా? పొగ లోపలికి పీల్చను కాబట్టి చుట్ట మానేసి రోజుకొకటి ఇది తాగితే నయమా? మొదటిసారి సగం తాగేసరికి తల తిరిగి చెమటలు పట్టాయి. రెండు నెలలుగా నాలుకకు కుడి పక్కన చిన్న పూత ఉంటే బి కాంప్లెక్స్ వాడుతున్నాను. కుడి చెవి పోటుకు మెడికల్ షాపు మాత్రలు వేసుకుంటున్నాను. బీపీ ఉంది. మా అమ్మ నలభై ఏళ్లుగా అడ్డపొగ తాగుతోంది, 72 ఏళ్ల వయసులోనూ గట్టిగా ఉంది. - ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో సిగార్ గురించి పది మాటలుంటే పూత గురించి ఒక్క మాట ఉంది. నాకు టెన్షన్ పెట్టింది ఆ ఒక్క మాటే. పొగాకు అలవాటున్న మనిషికి నాలుక పక్కన రెండు నెలలుగా మానని పూత, అదే వైపు చెవిపోటు. ఈ రెండూ కలిసి కనిపిస్తే ఏ ఈఎన్‌టీ డాక్టరైనా ముందు క్యాన్సర్ కాదని తేల్చుకోవాలనే చూస్తాడు. మీకు క్యాన్సర్ ఉందని నేను అనడం లేదు. చూడకుండా ఎవరూ అనలేరు. పన్ను అంచు గీసుకుని అయిన పుండు కావచ్చు, ఫంగస్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ నోటిలో ఏ పుండైనా రెండు వారాలు దాటి మానకపోతే డాక్టరుకు చూపించి తీరాలి. మీరు రెండు నెలలు ఆగారు.

చెవి గురించి ఒక మాట. నాలుకలో, గొంతులో పుండు ఉన్నప్పుడు ఆ నొప్పి చెవిలో తెలియడం మామూలే. ఆ భాగాలకు, చెవికి వెళ్లే నరాలకు సంబంధం ఉంది. అలాంటప్పుడు చెవిలో ఎంత వెతికినా ఏమీ కనిపించదు. అందుకే చెవి పోటుకు మాత్ర వేసుకుని, నోటి పూతకు బి కాంప్లెక్స్ వేసుకుని, రెండూ వేర్వేరు జబ్బులనుకుని నెట్టుకొస్తుంటారు. నొప్పి కాస్త తగ్గగానే ఆసుపత్రి మాట మర్చిపోతారు. మాత్రతో వచ్చే నష్టాల్లో అది మొదటిది.

రెండోది కిడ్నీలు. మీది సోంపేట. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపిందో మీకు నేను చెప్పక్కర్లేదు. బీపీ ఉన్న మనిషి, అందులోనూ ఆ ప్రాంతం మనిషి, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వారాల తరబడి సొంతంగా మింగడం ఏమాత్రం మంచిది కాదు. అవి బీపీనీ పెంచుతాయి. మీరు మాత్ర పేరు రాయలేదు. ఆ అట్టలు పారేయకుండా డాక్టరుకు చూపించండి. కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ పరీక్ష ఒకటి చేయించుకోండి. మెడికల్ షాపు కుర్రాడు మంచివాడే అయి ఉండొచ్చు, కానీ అతను మీ నోరు తెరిపించి చూడలేదు కదా. నోటి పూతకు ఆయింట్‌మెంట్ కూడా ఇచ్చి ఉంటే మానేయండి. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. మంట తగ్గిస్తుంది, అసలు విషయం బయటపడకుండా చేస్తుంది.

ఇక మీరు అడిగిన సిగార్. బూడిద నిలబడటం లోపల వాడిన ఆకును బట్టి, చుట్టిన తీరును బట్టి ఉంటుంది. పొడవాటి ఆకులు పెట్టి బిగువుగా చుడితే నిలుస్తుంది, తరిగిన ముక్కలు నింపితే రాలుతుంది. చవక రకాల్లో ముక్కలే ఎక్కువ. మీ కట్టలో పొడవాటి ఆకు కూడా కలిపి ఉంటారు. అంతవరకు అది పనితనానికి గుర్తు. మీ నాలుకకు దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

60 అంటే అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 60 భాగాల మందం. దాదాపు 2.4 సెంటీమీటర్లు. ఇంత లావు ఉంటుంది కాబట్టే పొగ చల్లగా, ఘాటు లేనట్టు తగులుతుంది. ఒక సిగరెట్‌లో ఉండే పొగాకు గ్రాము లోపే. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఒక ప్యాకెట్ సిగరెట్లంత పొగాకు ఉండొచ్చు. కాలడానికి గంట, గంటన్నర పడుతుంది. అంతసేపూ ఆ పొగ మీ పూత మీదే తిరుగుతుంది.

పీల్చను కాబట్టి నయమనే మాట నా దగ్గరికి వచ్చే చుట్ట తాగేవాళ్లు కూడా చెబుతారు. సిగార్ పొగకు క్షార గుణం ఎక్కువ. అందువల్ల ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండానే నికోటిన్ నోటి పొరల నుంచి రక్తంలోకి దిగుతుంది. మీకు తల తిరిగి చెమటలు పట్టింది బహుశా అందుకే. అది సరుకు గొప్పతనం అనుకోకండి. 47 ఏళ్లు, బీపీ, పొగాకు మూడూ ఉన్నాయి కాబట్టి ఈసీజీ కూడా తీయించుకోమంటాను. చెమటలతో పాటు ఛాతీలో బరువు, ఆయాసం వస్తే అప్పటికప్పుడే 108కి ఫోన్ చేయండి. సిగార్ నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లు తెస్తుందని రుజువైంది. చుట్టకు బదులు ఇది అని నేనే కాదు, ఏ డాక్టరూ రాసివ్వలేడు. రెండూ ఇవాళే ఆపండి. ఆపలేకపోతే పొగాకు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. నికోటిన్ చూయింగ్ గమ్ మాత్రం నోటి పుండు తేలేవరకు సొంతంగా మొదలుపెట్టకండి.

ఎక్కడికి వెళ్లాలి? శ్రీకాకుళం రిమ్స్‌లో ఈఎన్‌టీ విభాగం ఉంది. ఈ వారంలోనే వెళ్లండి. జీడి సీజన్ అయ్యాక చూద్దాం అనుకోకండి. అవసరమైతే పూత నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మన ఊళ్లలో ఒక భయం ఉంది. ఆ భయంతో నాలుగైదు నెలలు నాటుమందు వాడి, మెడలో గడ్డ వచ్చాక వచ్చినవాళ్లను చూశాను. వాళ్లు తొందరగా వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదేమో అనిపించినప్పుడు నిజంగా బాధ వేస్తుంది. ముక్క తీసినందువల్ల జబ్బు ముదరదు, ఆలస్యం వల్ల ముదురుతుంది. ఒకవేళ చికిత్స అవసరమని తేలినా ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. విశాఖలో కేజీహెచ్, అగనంపూడిలో హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. డబ్బు గురించి ఆలోచించి ఆగకండి.

అమ్మగారి మాట. ఆవిడ గట్టిగా ఉన్నందుకు సంతోషం. కానీ నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ వల్ల అంగిలి మీద తెల్లటి మందం, ఎర్ర చుక్కలు, పుండ్లు, క్యాన్సర్ రావడం మన జిల్లాలో వైద్యులు పరిశీలించి రాసిన విషయమే. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పదివేల మందికి పైగా నోళ్లు పరీక్షించిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. వేరే చోట్ల అంగిలి క్యాన్సర్ అరుదు. ఇక్కడ అడ్డపొగ తాగే ఆడవాళ్లలో మేం చూస్తూనే ఉంటాం. మొదట్లో నొప్పి ఉండదు, కాబట్టి ఆవిడకు తెలియదు. మీతో పాటు ఆవిడనూ తీసుకెళ్లండి. కట్టుడు పళ్లు ఉంటే తీసి, అంగిలి మొత్తం టార్చితో చూడమని డాక్టరును అడగండి.