కొటేషన్ ఇచ్చే ముందు ట్యాంకు చుట్టూ తిరుగు

గాజువాక,
విశాఖపట్నం

చి. అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ట్యాంకుల పెయింటింగ్ పనులు పట్టుకుంటున్నావని అక్క చెప్పింది. సంతోషం. మన ఊరి ఉప్పుగాలి ఉన్నంతకాలం ఆ పనికి ఢోకా లేదు.

కొటేషన్ అనగానే టెన్షన్ పడి సూత్రాలు వెతక్కు. ముందు బ్రష్ ఎక్కడెక్కడ తగలాలో చూసుకో. పరీక్షలో స్థూపం సంపూర్ణతల వైశాల్యం అంటే పక్కతలానికి రెండు వృత్తాలు కలిపేస్తాం. ఇక్కడ అడుగు పునాది మీద కూర్చుంటుంది, దానికి రంగు పడదు. పైన శంఖువు కప్పు ఉంటే ఆ వృత్తమూ పోయింది. మిగిలేవి గోడ, కప్పు.

గోడకు టేపు చుట్టు. బిగువుగా, ఒకే మట్టంలో ఉండాలి; వాలిందంటే కొలత పెరుగుతుంది. 22 మీటర్లు వచ్చి, ఎత్తు 10 అయితే 220 చదరపు మీటర్లు. అంతే. గోడను నిలువునా కోసి పరిస్తే దీర్ఘచతురస్రమేగా!

బోల్తా పడేది కప్పు దగ్గర. 22ను 22/7తో భాగిస్తే వ్యాసం 7, వ్యాసార్ధం 3.5. కప్పు కొస గోడ అంచు కంటే 1.2 మీటర్లు పైన ఉందనుకో. ఆ 1.2తో గుణించకూడదు, ఏటవాలు ఎత్తు కావాలి. 3.5 వర్గం 12.25, 1.2 వర్గం 1.44, మొత్తం 13.69, దాని వర్గమూలం 3.7. దాన్ని 3.5తో, 22/7తో గుణిస్తే 40.7. నిలువు ఎత్తే వేస్తే 13.2 వస్తుంది. అదే ట్యాంకుకు బల్లపరుపు మూత వేసినా 38.5 ఉండాలి, వాలు కప్పు అంతకంటే తక్కువ ఎలా అవుతుంది? లెక్క ఎవరు వేసిచ్చినా ఇలా ఒకసారి గీటురాయి పెట్టి చూడు.

మొత్తం 260.7. చదరపు అడుగుల్లోకి మార్చడానికి 10.76తో గుణించాలి, పొడవును అడుగుల్లోకి మార్చే 3.28తో కాదు. సుమారు 2,800 వస్తుంది. ఈ ఒక్క పొరపాటుతో కూలి డబ్బులు కూడా రానివాళ్లను చూశాను.

గోడకు మ్యాన్‌హోల్ గొట్టం (మనిషి లోపలికి దూరే దారి) అతికి ఉంటే దాని పక్కతలం కలుపు. గోడలో అది తినేసిన వృత్తానికి, బయటి మూత వృత్తానికి చెల్లుకు చెల్లు.

గుండ్రటి గ్యాస్ ట్యాంకైతే ఇంకా సులువు. నడుం దగ్గరి చుట్టుకొలతను వ్యాసంతో గుణించు. నడిమి వృత్తానికి నాలుగు రెట్లని భాస్కరాచార్యుడు 1150లోనే లీలావతిలో చెప్పాడు, రెండూ ఒకటే. కాళ్లకు మాత్రం వేరే లెక్క కట్టు, ఉచితంగా వేసిరాకు.

ఇదంతా ఒక్క కోటుకే. ప్రైమర్‌తో కలిపి ఎన్ని కోట్లో ముందే కాగితం మీద రాయించుకో. మొదటి కొలతల చీటీ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.

ఇట్లు,
మావయ్య